బోసి జెండాకు చంద్రవంక

కిరాణా కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. ఎవరూ అడగని పనికి కూడా ధర కట్టగలను. ఒమాన్‌లో, అల్ మవాలే పేటలో ఉన్న మా గుడ్డల కొట్టుకు ఆ పాలస్తీనా టీచరమ్మ జెండా తీసుకుపోవడానికి వచ్చినప్పుడు నేను చేసింది అదే.

ఆ సాయంత్రమే ఆమె కూతురి పెళ్లి. అమ్మాన్ నగరం నుంచి టీచరమ్మ వాళ్లమ్మ వస్తోంది. ముసలావిడ హాల్లో అడుగుపెట్టగానే తమ జెండా ఎదురుగా కనబడాలి. నలుపు, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు, పక్కన ఎర్ర త్రికోణం, అంతే.

మా కడప దర్జీ అంతటితో ఊరుకోలేదు. తెల్ల పట్టీ నడుమ ఎర్ర శాటిన్‌తో చంద్రవంక, చుక్క కుట్టాడు.

"బోసిగా ఉంటే ఏం బాగుంటాదన్నా? మా ఊర్లో ఉరుసు జెండాకు ఇవి లేకుంటే ఎవరూ ముట్టరు."

ఏటా నవంబరులో జాతీయ దినానికి కత్తులూ బాకూ ఉన్న ఒమాన్ జెండాలు అమ్మేవాణ్ణి కదా, అతని మాట నాకు సబబుగానే తోచింది.

"చంద్రవంక చేతిపని మేడం. వేరే కొట్లో అడిగినా చెయ్యరు. రెండు రియాల్ ఎక్కువైతది," అన్నాను, హిందీ అరబీ కలిపి.

ఆమె జెండా విప్పింది. ముఖం పాలిపోయింది.

"ఇది మాది కాదు. పశ్చిమ సహారా వాళ్లది."

"అదెక్కడన్నా?" అన్నాడు దర్జీ. నేను తెలిసినట్టే తల ఊపాను.

"ఆ నేల తనదని మొరాకో అంటుంది, తమదని అక్కడివాళ్లంటారు. వాళ్ల రంగులూ మావే, వాళ్ల కష్టమూ మాదే. కానీ అమ్మకు దీన్ని చూపించలేను. ఈ రంగులు పాత అరబ్బు రాజవంశాలవని బళ్లో చెబుతాను నేను. అమ్మకు మాత్రం ఆకుపచ్చ అంటే మా తోట, నలుపు అంటే ఆ తోట పోయిన రోజు. చంద్రవంక ఎవరిదని అడిగితే ఏం చెప్పను?"

దర్జీ కుట్లు విప్పబోయి ఆగాడు. తెల్ల పట్టీ కూడా శాటినే, అందులో సూది రంధ్రాలు పూడవు. తెల్ల పట్టీ మొత్తం ఊడదీసి, ఆమె ఎదుటే కొత్తది వేశాడు.

వెళ్తూ వెళ్తూ ఆమె పాత పట్టీ చూసింది. "పారేయకండి. దానికీ మిగతా రంగుల పట్టీలు వేసి కుట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి బళ్లో పిల్లలకు చూపిస్తాను."

పెళ్లయ్యాక వచ్చింది.

"అమ్మ ఏమన్నది మేడం?"

"తోట పచ్చగానే ఉందంది. తర్వాత ఎంత పెట్టి కొన్నావంది."

రెండో జెండా ధర చెప్పాను, చంద్రవంకతో కలిపి.

"చంద్రవంక నేను అడిగానా?" అని ఆ రెండు రియాల్ తీసేసి మిగతా డబ్బు ఇచ్చింది.

కిరాణా కొట్టు నడిపిన మా నాన్నే ఉంటే గల్లా దగ్గర నన్ను లేపి, ఆవిణ్ణి కూర్చోబెట్టేవాడు.