యోహాన్ గారి ముగ్గురు భార్యలు

మొన్న మన అల్ ఖోబర్ తెలుగువాళ్ల గ్రూపులో మీలో నలుగురైదుగురు "ఆ జర్మన్ పెద్దాయన పోయారట" అని రాశారు. పోయిన మాట నిజమే. మంగళవారం పొద్దున్న, ఆసుపత్రిలో, నిద్రలోనే. జర్మన్ అన్నదే తప్పు. ఆయన అమెరికావారు. ఆయన పూర్వీకులు జర్మన్ నేల వదిలి పెన్సిల్వేనియాలో దిగేటప్పటికి అక్కడింకా ఇంగ్లీషు రాజు ఏలుబడి. ఆయన ముందు మీరు ఆ మాట అని ఉంటే రెండు గంటలు కదలనిచ్చేవారు కాదు. మీ అదృష్టం కొద్దీ ఆయన నన్ను పట్టుకున్నారు.

మా అమ్మాయి ఇంటికి ఎదురిల్లు ఆయనది. డెబ్బై దాటినా సౌదీలో ఉండనిచ్చే ఇఖామా కార్డు పొడిగించుకుంటూ, ఇంజినీర్లకు సలహాలు చెబుతూ ఒంటరిగా ఉండేవారు. బెల్లు ఒక్కసారే కొట్టి, మూడడుగులు వెనక్కి వేసి నిలబడేవారు. పెసరట్టును ఫోర్కుతో, చాకుతో కోసుకునేవారు గానీ గోంగూర పచ్చడి మాత్రం వేలితోనే నాకేవారు. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషినని తెలిసిన రోజు నుంచి, చంకలో వంశవృక్షం లేకుండా మా గడప తొక్కలేదు. "చచ్చిపోయినవాళ్లు తొందరపెట్టరు మేడమ్, అందుకే వాళ్లతో పని హాయి" అనేవారు.

"అమ్మా, మన తాతగారి తాత పేరడిగితే చెప్పలేవు. ఆయన వంశం నీకెందుకే?" అంది మా అమ్మాయి.

"మన తాతగారి తాత ఎప్పుడైనా నా పెసరట్టు బాగుందన్నాడా?"

ఆ వంశవృక్షంలో ఒకచోట ముల్లుంది. వలస వచ్చిన మొదటి రైతుకి యోహాన్ అని ఒక కొడుకు. చర్చి వాళ్ల బాప్తిస్మం పుస్తకంలో, ఒకే చలికాలంలో, యోహాన్‌కి ముగ్గురు బిడ్డలు. ముగ్గురు వేర్వేరు తల్లులకు. పైగా తండ్రి వీలునామాలో యోహాన్ పేరే లేదు. పొలమంతా పీటర్, జార్జ్, ఆడమ్ అనే ముగ్గురికే రాశాడు. సిగ్గుమాలినవాణ్ణి తండ్రి వెలేశాడని ఈయన తీర్మానించి, చార్టులో అలాగే రాసి, వాళ్ల కుటుంబాలన్నీ కలిసే రోజున గోడకి తగిలించారు. "మన ఇంట అలాంటివాడు పుట్టలేదు, దింపు" అన్నారు వాళ్ల అక్కగారు. ఈయన కాగితాలు చూపించారు. ఆవిడ తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వేవారు కాదు.

"మరి ఆ పీటర్, జార్జ్, ఆడమ్?" అనడిగాను.

"బ్రహ్మచారులు మేడమ్. ఎక్కడా భార్యల పేర్లు లేవు."

"ముగ్గురు భార్యలున్నవాడు ఒకడు, భార్యల్లేనివాళ్లు ముగ్గురు. ఇంజినీరింగులో మీకు కూడికలు చెప్పలేదా?"

మా పుట్టింట్లో నలుగురు మనవలకీ తాతగారి పేరే పెట్టారు. మామగారి పేరు నోటితో పలకలేని కోడళ్లు పెదబాబు, చినబాబు, నల్లబాబు, బుల్లిబాబు అని పిలుచుకున్నారు. బళ్లో హాజరు పిలిస్తే నలుగురూ ఒకేసారి లేచేవారు. మీవాళ్లూ అలాంటిదేదో చేసుంటారు, అన్నదమ్ముల బాప్తిస్మాలు చూడండి అన్నాను.

నెల తర్వాత జర్మనీలోని పాత ఊరి చర్చి నుంచి నకళ్లు వచ్చాయి. యోహాన్ పీటర్. యోహాన్ జార్జ్. యోహాన్ ఆడమ్. ముందు పుణ్యపురుషుడి పేరు తగిలించి, ఇంట్లో వెనకపేరుతో పిలవడం వాళ్ల ఆచారమట. కొత్త ఊళ్లో పుస్తకం రాసినవాడు ముందుపేరు రాసి ఊరుకున్నాడు, తండ్రేమో వీలునామాలో ఇంట్లో పిలిచే పేర్లు రాశాడు.

ఆయన మా సోఫాలోంచే అక్కగారికి ఫోన్ చేశారు. "నువ్వు చెప్పిందే నిజం" అన్నారు. అటునుంచి జవాబు మాకూ వినబడింది.

"నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు. భోంచేశావా?"

ఆ తర్వాత గంటన్నర మాట్లాడుకున్నారు. మా అల్లుడు కళ్లు తుడుచుకుంటూ పొగ పడిందన్నాడు. ఆ పూట మేం పొయ్యే వెలిగించలేదు.

అన్నదమ్ములు ముగ్గురికీ ఎవరి ఇల్లాలిని వాళ్ల పక్కన నిలబెట్టి, ఆయన కొత్త చార్టు గీశారు. తప్పులుంటే దిద్దమని నాకిచ్చి, పదిరోజులకే ఆసుపత్రిలో చేరారు. పోయాక ఆయన్ని విమానంలో అమెరికాకి, ఇంటికి పంపారు. చార్టు మాత్రం మా భోజనాల బల్ల మీద ఉండిపోయింది. నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టి, మేం నేలమీద కూర్చుని తింటున్నాం. వచ్చేనెల వాళ్ల కుటుంబాలు కలిసినప్పుడు పాతది తన చేత్తో దింపి ఇది తగిలిస్తానని అక్కగారు నిన్న ఫోన్ చేశారు.

కాబట్టి చార్టు ఆవిడకి పంపడానికి మీలో ఎవరైనా ఒకరు బట్టల కొట్టుకి వెళ్లి, గుడ్డ తాను చుట్టి వచ్చే గట్టి అట్టగొట్టం ఒకటి అడగండి. రెండు మూరల పొడవుండాలి. బహుమతి కాగితాల పల్చని గొట్టం తెచ్చి నాచేత మాటపడకండి. శుక్రవారం పొద్దున్నే రండి, చుట్టడానికి ఇంకొక మనిషి కావాలి. చేతులు తడి లేకుండా చూసుకోండి. పోయినవాళ్ల పేర్లు ఆయన సిరాతో, బతికున్నవాళ్లవి పెన్సిల్‌తో రాశారు, తన పేరు కూడా పెన్సిల్‌తోనే. దానిమీద వేలు ఆనించకండి. అక్కడ సిరా దిద్దే పని అక్కగారిది.