ఒక్క రింగు

పాపా, రాస్తున్నావా? నేను గడగడా చెప్పుకుపోతాను, నువ్వే సర్దుకో. ఇది నగరిలో ఉండిన మా చెల్లెలి సంగతి.

నేను తిరుపతిలో ఉంటే, అది మరమగ్గాల ఇంటికి కోడలైంది. రెండు వారాలకోసారి సోమవారం పొద్దున్నే వడమాలపేట మీదుగా పోయే బస్సెక్కి దాని దగ్గరికి పోయేదాన్ని. ఇంట్లోనే నాలుగు మగ్గాలు. ఆ దడదడలో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. అందుకని ఆ ఇంట్లో అందరూ పెదాలు చూసి మాట్లాడుకుంటారు. నాకూ అలవాటైపోయింది. మీ తాత మీద నేను చెప్పిన చాడీలన్నీ, ఆయన పక్కనే కూర్చొని ఉండగానే, గొంతు లేకుండా చెప్పినవే.

అన్నం వేళ తప్ప మగ్గం ఆగని ఇల్లు అది. కానీ నేను గడపలో కాలు పెట్టానంటే చాలు, చెల్లెలు కొడుకు వైపు చెయ్యి ఊపేది.

"మగ్గం ఆపరా, మా అక్క వచ్చింది!"

అప్పుడు దగ్గరికొచ్చి "బాగుండావా అక్కా?" అని అడిగేది. నేను బాగుండాననేదాన్ని. ఆ ఒక్క మాటా చెవులతోనే వినాలి దానికి. విన్నాక మళ్లీ దడదడ.

కొన్నేళ్లకు రెండిళ్లకూ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఫోన్ చేస్తే మోత తప్ప ఏమీ వినబడేది కాదు. దానికి చెల్లెలే ఒక ఉపాయం చెప్పింది.

"సాయంత్రం ఆరింటికి ఒక రింగిస్తానక్కా. బాగుండానని అర్థం. ఎత్తబాక."

"ఎత్తితే ఏమైతాదే?"

"ఎత్తితే మగ్గం మాట్లాడతాది. దానితో ఏమన్నా పని ఉండాదా నీకు?"

ఇద్దరం పడీపడీ నవ్వాం.

రోజూ ఆరింటికి రింగొచ్చేది. నేనూ ఒకటి తిరిగి ఇచ్చేదాన్ని. మోకాళ్ల నొప్పులని ఒక సోమవారం ఆగాను, ఇంట్లో చుట్టాలని ఇంకోటి. రింగొచ్చిందిగా, బాగుందిగా అనుకుంటూ రెండేళ్లు దాని దగ్గరికి పోనేపోలేదు. రోజూ పలకరించుకుంటున్నామనే అనుకున్నాను పాపా. అది కూడా రాయి.

ఒక సాయంత్రం రింగు ఆగకుండా మోగింది. ఎత్తితే దాని కోడలు.

"పెద్దత్తా, మీరొకసారి వచ్చిపోండి. అత్తకి బాగలేదు. పుత్తూరులో ఆస్పత్రిలో ఉండాము."

"నిన్న కూడా రింగొచ్చిందే!"

"నేనే ఇస్తా ఉండా పెద్దత్తా, నెలన్నరగా. అక్క దిగులు పడతాది, చెప్పబాక, రింగు మాత్రం తప్పబాక అనింది అత్త."

మర్నాడు పొద్దున్నే పోయాను. మంచం మీద మనిషి సగమైపోయింది. గొంతు పోయి ఊపిరి తప్ప మాట రావడం లేదు. నన్ను చూసి పెదాలు కదిపింది.

"ఏమంటా ఉండావే?"

మళ్లీ కదిపింది. ఒకప్పుడు ఆ పెదాల మీద నేను చదవని మాట లేదు. ఇప్పుడు ఒక్క అక్షరమూ తెలియలేదు. తెలిసినట్టు తలూపాను. కోడలికి అర్థమైపోయింది.

"మగ్గం ఆపమంటా ఉండాది పెద్దత్తా, మీరొచ్చినారని."

ఆ గదిలో మగ్గం ఎక్కడిది? పైన ఫ్యాను ఒకటి గరగరమంటా తిరుగుతోంది. కోడలు లేచి దాన్ని ఆపింది.

మగ్గం ఆగినాక చెల్లెలు అడిగే మాట నాకు తెలుసు. వంగి, చెవి దాని నోటి దగ్గర పెట్టాను. వెచ్చగా ఊపిరి తగిలింది, అంతే.

"బాగుండానే" అన్నాను.