ముసలి మేక గొంతులో ఎండు దాణా

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, వానలు మొదలయ్యే జూన్ నెలలో నన్ను ద్రాక్షారామం వైపు ఒక పల్లెలోని పశువుల ఆసుపత్రికి వేశారు. నా హోదా అటెండరు. పైన డాక్టరుగారు, ఆయన కింద మందులిచ్చే కాంపౌండరు, అందరికంటే కింద నేను. పశువును కదలకుండా పట్టుకోవడం, పనిముట్లు మరగబెట్టడం, డాక్టరుగారు రాసిన చీటీ చదివి విడమరిచి చెప్పడం నా పనులు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి కనుక చీటీ చదవడమంటే నాకు మహా హుషారు.

చేపలమ్మే నూకరత్నం తన పదేళ్ళ మేకను తోలుకొచ్చింది. రెండు పిల్లల్ని ఈని బాగా చిక్కిపోయింది. డాక్టరుగారు నోరు తెరిపించి చూసి, నమిలే పళ్ళు అరిగిపోయాయన్నారు. గుళికల దాణా నానబెట్టి పెట్టమని రాశారు. నేను మాత్రం "పూటకో గుప్పెడు దాణా పెట్టమ్మా" అని చెప్పి పంపేశాను. మాది గేదెలున్న కొంప. దాణా అంటే కుడితిలో నానేదేనని నా లెక్క. నానబెట్టమని వేరే చెప్పాలా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే ఆటో వచ్చి ఆగింది. మేక మెడ చాచి, నోట్లోంచీ ముక్కులోంచీ నురగ కారుస్తోంది. డాక్టరుగారూ కాంపౌండరూ పక్క ఊళ్ళో నట్టల మందు పోసే క్యాంపులో ఉన్నారు. ఆసుపత్రిలో నేనొక్కణ్ణే.

నూకరత్నం వాళ్ళన్న అప్పారావు వెదురు గొట్టం నిండా నువ్వుల నూనె పోసుకుని సిద్ధంగా ఉన్నాడు. "మూతి పైకెత్తండి, గొంతులో అడ్డం పడింది జర్రున దిగిపోద్ది" అన్నాడు.

"గొట్టం కింద పెట్టు! ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది."

"మా తాత కాలం నుంచీ ఇంతేనండి."

"మీ తాత ఎన్ని మేకల్ని చంపాడో ఎవడు చూశాడు?"

"పిల్లలింకా పాలమీదే ఉన్నాయి బాబాయిగారూ. ఇది పోతే అయ్యీ పోతాయి" అంది నూకరత్నం.

ఫోన్ చేశాను. నోట్లో చుక్క కూడా పోయవద్దనీ, తల కిందికి వాల్చి ఉంచమనీ, ఎడమ డొక్క చూస్తుండమనీ డాక్టరుగారు చెప్పారు. గొంతులోంచి మేత దిగే గొట్టం మూసుకుపోతే కడుపులో గాలి బయటికి రాదు. ఉబ్బి ఊపిరిని నొక్కేస్తుంది. నా కళ్ళముందే డొక్క లేచింది. వేలితో కొడితే డప్పులా మోగింది. మళ్ళీ ఫోన్ చేస్తే, "బండి మీదున్నానయ్యా, తల ఎత్తనివ్వకు!" అని అరిచారు.

వస్తూనే మేక నోట్లో బెజ్జమున్న చెక్క బిగించి, దానిలోంచి మెత్తని రబ్బరు గొట్టం దింపారు. గోరువెచ్చని నీళ్ళు కాసిని పోయడం, తల వాల్చి బయటికి వదలడం. మొదటిసారి నురగ. రెండోసారి దాణా పిప్పి. మూడోసారి గొట్టం సర్రున కడుపులోకి దిగింది. బుస్సుమని గాలి తన్నుకొచ్చి డాక్టరుగారి కళ్ళజోడు మీద పడింది! "దిగిందండీ!" అని గంతేశాను. "గంతులు తరవాత, ముందు మేకను పట్టుకో" అన్నారు. డొక్క దిగుతుంటే అప్పారావు కూడా కేక పెట్టాడు.

సూది వేశాక, ఏం పెట్టావని నూకరత్నాన్ని అడిగారు.

"బాబాయిగారు చెప్పిందేనండి. గుప్పెడు దాణా."

"నానబెట్టావా?"

"మా ఇంట్లో నీళ్ళలో నానేది వలలేనండి. దాణా నానబెడతారని నాకేం తెలుసు?"

డాక్టరుగారు నా వైపు చూశారు. తప్పు నాదేనని అక్కడే చెప్పాను.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. మేక పిల్లలకు పాలిస్తోంది. గుళికల్ని వేళ్ళతో నలిపితే పలుకు తగలనంత మెత్తగా నానబెట్టించాను. గబగబా మింగకుండా వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిపించాను. మిగతా మేకలు ఎగబడకుండా దీన్ని విడిగా కట్టించాను. మేతగా వేసే పనసాకుల ఈనెలు కూడా తీయించాను.

ఆ తరవాత రిటైరయ్యేదాకా చీటీ చదివేసి ఎవరినీ పంపలేదు. ఇంటికెళ్ళి ఏం చేస్తావో చెప్పమని అడిగేవాణ్ణి, చెప్పింది విన్నాకే గేటు దాటనిచ్చేవాణ్ణి.