డూగల్ బాబాయ్ చూపించిన మడుగు

డూగల్ రాట్రే బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క రోగం. చేపలెక్కడ పడుతున్నాయని అడిగితే చచ్చినా నిజం చెప్పడు.

మిగతా విషయాల్లో ఆయనంత నిజాయితీపరుడు గ్లెన్‌బ్రేలో లేడు. పాస్టరు గారి భార్య చేసిన కేకు తిని, "పిండి ఉడకలేదమ్మా" అని ఆవిడ ముఖం మీదే చెప్పాడు. కానీ వైకురా నది దగ్గర గాలపు కర్ర చేతపట్టి, "బాబాయ్, ట్రౌట్ చేపలు ఎక్కడున్నాయి?" అని అడిగామా, అంతే. ముఖం పసిపాపలా పెట్టి, ఉన్న చోటు తప్ప నదిలో ప్రతి చోటూ చూపిస్తాడు.

ఎగువకెళ్లమంటే దిగువకెళ్లాలని ఊరు నేర్చుకుంది. ఊరు నేర్చుకుందని ఆయనకూ తెలిసిపోయింది. అక్కణ్ణించి మొదలైంది అందరి అవస్థ.

"వంతెనకి ఎగువన అన్నాడు, అంటే దిగువన" అని ఒకసారి మాంసం కొట్టు వార్విక్ వేళ్లు మడిచాడు. "కానీ నేను దిగువకి పోతానని ఆయనకి తెలుసు, కాబట్టి ఎగువనే. అది కూడా నాకు తెలుసని ఆయనకి తెలిస్తేనో?" పాపం, ఎటూ తేల్చుకోలేక వంతెన మధ్యలోనే నిలబడి గాలం విసిరాడు. గొర్రెల లారీ డ్రైవరు దిగివచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు.

ఇలాంటి మనిషిని వెంటేసుకుని ఏటా రెండు రోజుల ట్రౌట్ పండగ నడపాల్సిన ఖర్మ నోలీన్‌ది. ఆ ఏడు ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. గాలానికి ఎరగా ఈకలతో దొంగ ఈగలు కట్టడం నేర్పే గుడారం గాలికి ఎగిరిపోయి గొర్రెల దొడ్లో పడింది. చీజ్ రోల్స్ కాల్చే పొయ్యి అంటుకోలేదు. ఇవన్నీ ఒక ఎత్తు, అత్తగారి సంగతి ఒక ఎత్తు.

అత్తగారు ఏల్సా. ఈ పండగ మొదలుపెట్టిందే ఆవిడ. మోకాలి చిప్పలు రెండూ అరిగిపోయాయి. పండగ అయిన వారంలోనే ఆపరేషను. ఆ తర్వాత నది రాళ్ల మీద అడుగు పెట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. అంటే ఆవిడకిదే ఆఖరి పండగ. నది వదిలేలోగా తన చేత్తో ఒక్క పెద్ద ట్రౌట్ పట్టాలని ఆవిడ పట్టు.

చదునైన గట్టున్నది గొర్రెల ఉన్ని షెడ్డు పక్కనున్న మడుగు ఒక్కదానికే. కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. కానీ పండగ రోజుల్లో అక్కడ పదిమంది దిగి తొక్కితే ట్రౌట్లు బెదిరిపోయి రాళ్ల కిందికి దూరతాయి, ఇక రోజంతా బయటికి రావు.

"ఆ మడుగు మీకోసం ఆపి ఉంచమని చెప్తాను అత్తయ్యా" అంది నోలీన్.

"చెప్పావో, పండక్కే రాను!" అంది ఏల్సా. "ముసలిదని జాలిపడి వదిలేసిన చేప నాకెందుకే? నది అందరిదీ."

ఇక దారిలేక నోలీన్ డూగల్ కాళ్లావేళ్లా పడింది. "బాబాయ్, నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్కసారికీ నిజం చెప్పు. అత్తయ్యని ఎక్కడ కూర్చోబెట్టను?"

"ఉన్ని షెడ్డు మడుగు దగ్గరే" అన్నాడాయన, టోపీ తీసి గుండెకి ఆనించుకుని.

నోలీన్ నెత్తి కొట్టుకుంది. ఆయన అన్నాడంటే అక్కడ చేపపిల్ల కూడా లేదన్నమాటే.

శనివారం పొద్దున వంతెన దగ్గర గంట కొట్టకముందే డూగల్ ఆమె చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "బాబులూ! అమ్మలూ! అందరూ ఉన్ని షెడ్డు మడుగుకి పదండి! చేపలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి!"

జనం విరగబడి నవ్వారు. గంట మోగగానే అందరూ ఎగువకీ దిగువకీ పరుగెత్తారు. ఉన్ని షెడ్డు వైపు పిట్ట కూడా పోలేదు.

"ఈయన నోరు పడిపోను! ఉన్న ఒక్క మడుగునీ నవ్వులపాలు చేశాడు" అని నోలీన్ గొణుక్కుంటూ గుడారంలోకి వెళ్లి చూస్తే అత్తగారు లేరు. అత్తగారి కుర్చీ లేదు. బయట డూగల్ డొక్కు ట్రక్కూ లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మోకాళ్లతో పెద్దావిణ్ణి ఎక్కడికి ఈడ్చుకుపోయాడు? నది పొడవునా వెతుక్కుంటూ ఉన్ని షెడ్డు దాకా వెళ్లింది. అక్కడ గట్టు మీద ఏల్సా కుర్చీలో కూర్చుని ఉంది. పక్కనే గడ్డిలో డూగల్ బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన చేతిలో గాలపు కర్ర కూడా లేదు.

"బాబా..." అని నోలీన్ నోరు తెరిచిందో లేదో, ఆయన వేలు పెదాలకి ఆనించాడు. నీళ్లలో బుడుంగుమంది. ఏల్సా దారం సర్రున బిగిసింది.

మధ్యరకం ట్రౌట్. కానీ పండగలో తొలి చేప అదే.

"నిజమే చెప్పానుగా" అన్నాడు డూగల్ గుసగుసగా, చేతివల అందిస్తూ. "నమ్మకపోతే నాదా తప్పు?"

"దీని తాత ఉన్నాడే లోపల" అంది ఏల్సా, కళ్లు నీళ్ల మీంచి తిప్పకుండా. "ఆ రాయి పక్కన కనిపించాడు. రేపు వాడి సంగతి తేలుస్తా."

అక్కడే వచ్చింది చిక్కు. తొలి చేప పట్టినవాళ్లు సాయంత్రం హాల్లో తగరపు కప్పుతో విస్కీ తాగి, ఎక్కడ పట్టారో అందరికీ చెప్పాలి. గ్లెన్‌బ్రే ఆచారం అది. ఆ ఆచారం పెట్టింది కూడా ఏల్సాయే. ఆవిడకేమో అబద్ధం చేతకాదు. చెప్పిందంటే తెల్లారేసరికి ఊరంతా ఆ మడుగులోనే ఉంటుంది.

"అత్తయ్యా, తల తిరుగుతోందని చెప్పి ఇంటికెళ్లిపోదాం" అని నోలీన్ బతిమాలింది.

"నాకేం తిరగట్లేదు" అంది ఏల్సా. కప్పు ఎత్తి గటగటా తాగేసి మూతి తుడుచుకుంది. "ఉన్ని షెడ్డు మడుగులో పట్టాను."

వార్విక్ తింటున్న చీజ్ రోల్ పక్కన పెట్టాడు. ఏల్సా మాటంటే మాటే. ఒక్కొక్కరే రేపు పొద్దున్నే లేవడం గురించి ఆలోచిస్తున్నారని నోలీన్‌కి ముఖాల్లోనే కనిపించింది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు వెనక నుంచి డూగల్ బెంచీ ఎక్కాడు. "అవును! ఉన్ని షెడ్డు మడుగే! నా కళ్లతో చూశాను! ఒట్టు!"

అంతే. హాలంతా ఘొల్లుమంది.

"ఓరి దేవుడో, కాసేపుంటే నమ్మేసేవాణ్ణి!" అన్నాడు వార్విక్. "ఏల్సా అత్తా, ఈ ముసలాడు నిన్ను కూడా చెడగొట్టాడా!"

"నేను అబద్ధమాడతానా? నేనా?" అని ఏల్సా కుర్చీలోంచి లేవబోయింది. "డూగల్, నువ్వైనా చెప్పరా!"

"చెప్తున్నాగా అక్కా! బైబిలు మీద చెయ్యి వేసి చెప్తా!"

ఆయన ఒట్టు పెట్టినకొద్దీ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. జీవితంలో మొదటిసారి అబద్ధాలకోరు అనిపించుకున్న ఏల్సా మూతి ముడుచుకుని ఇంటికెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున ఉన్ని షెడ్డు దగ్గర ముగ్గురే ఉన్నారు. ఏల్సా ఇంకా మూతి ముడుచుకునే, దారానికి ఈగ కట్టుకుంటోంది. నోలీన్‌కి డూగల్‌ని చూస్తుంటే మనసు కరిగిపోయింది. ఇన్నేళ్లుగా పోగేసుకున్న చెడ్డపేరంతా ఈ పెద్దావిడ కోసం వాడేశాడు. తను మాత్రం ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది.

"బాబాయ్, నేనూ కర్ర తెచ్చుకున్నా" అంది మెత్తగా. "నన్నెక్కడ నిలబడమంటావు?"

"అదిగో, ఆ వంపు దాటాక పోప్లార్ చెట్టు కింద. నీకని చెప్తున్నా, అక్కడ పెద్దవి ఉన్నాయే తల్లీ."

ఎంత ప్రేమగా చెప్పాడు! నోలీన్ వెళ్లి పోప్లార్ కింద నడుములోతు చల్లటి నీళ్లలో దిగి, గాలం విసిరింది. మళ్లీ విసిరింది. పొద్దెక్కింది. కాళ్లు మొద్దుబారాయి. ఒక్క చేప కూడా తొంగిచూడలేదు.

ఉన్నట్టుండి వంపు అవతల నుంచి ఏల్సా కేక వినిపించింది. "పడ్డాడ్రా డూగల్! తాత పడ్డాడు! వల, వల పట్టు!"

నోలీన్ పట్టరాని సంతోషంతో అటు పరుగెత్తబోయి, సగం నీళ్లలో ఆగిపోయింది. పోప్లార్ వైపోసారి, మడుగు వైపోసారి చూసింది. అత్తగారి మడుగులో ఎవరూ అలికిడి చెయ్యకుండా ఊరందరినీ తప్పించాడాయన. ఊరందరిలో తనూ ఒకతి.

"డూగల్ బాబాయ్!" అని నదంతా వినిపించేలా అరిచింది.

"అక్కడే ఉండు తల్లీ!" అని బదులొచ్చింది వంపు అవతల నుంచి. "ఇప్పుడే పడతాయి!"