అవ్వకు వచ్చిన ఇంగ్లీషు మాట

నా చిన్నప్పుడు మా నగరి వీధిలో ఎవరూ మెల్లగా మాట్లాడేవారు కాదు. ఇంటింటికీ మరమగ్గాలు. అవి ఆడుతున్నంతసేపూ అన్నానికి రమ్మని పిలవాలన్నా అరవాల్సిందే. కరెంటు పోతే మాత్రం వీధంతా ఒక్కసారిగా సద్దుమణిగేది. అప్పుడు పక్కింట్లో గిన్నె జారినా మాకు వినబడేది.

మా చిన్నాయన మద్రాసులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేవాడు. ఎవరూ వాడని ఇంగ్లీషు మాటలంటే ఆయనకు పిచ్చి. అందరూ పట్నం నుంచి మిఠాయి తెస్తే ఈయన మాటలు తెచ్చేవాడు. గోటి మొదట్లో తెల్లగా కనిపించే నెలవంకను లూన్యులా అంటారని నాకు చెప్పింది ఆయనే. ఎల్లుండికి ఇంగ్లీషులో ఒకప్పుడు ఓవర్‌మారో అనే మాట ఉండేదట, దాన్ని వాళ్ళు వదిలేశారట. పోగొట్టుకున్నది వాళ్ళయితే వీడికెందుకు దిగులని మా నాయన నవ్వేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చోబోతుంటే కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో మా అవ్వ కడుపు గుడగుడలాడింది. చిన్నాయన ముఖం వెలిగిపోయింది. "అమ్మా, నీకుండేదాన్ని బొర్బొరిగ్మస్ అంటారు" అన్నాడు. అంటే ఏమిటో చెప్పబోయేంతలో కరెంటు వచ్చింది, మగ్గాలన్నీ మొదలయ్యాయి. ఆయన పెదవులు కదలడం చూశాను గానీ ఒక్క ముక్కా వినబడలేదు. చెప్పేశానని ఆయన అనుకున్నాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

మా అవ్వకు ఆ మాటలో వినబడింది బొర్ర ఒక్కటే. మా ఇంట్లో పొట్టను బొర్ర అనేవాళ్ళు. ఆ బొర్రకు ఏదో వచ్చిందని చదువుకున్న కొడుకు పేరు పెట్టి మరీ చెప్పాడు. అంతకు ముందు ఏడాదే ఎదురింటావిడ కడుపులో గడ్డతో పోయింది. ఆమె జబ్బుకు డాక్టర్లు చెప్పిందీ ఇలాంటి నోరు తిరగని పేరే. అవ్వ ఎవరితోనూ ఏమీ అనకుండా సంకటి ముద్ద సగానికి తగ్గించింది, తర్వాత అంబలితో సరిపెట్టుకుంది. తిండి తగ్గేకొద్దీ కడుపు ఇంకా గుడగుడలాడేది. రోగం ముదిరిందనుకుని ఆమె ఇంకా తగ్గించేది.

ఒక రోజు నన్ను దగ్గరికి పిలిచి చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. "పెద్దయినాక పెట్టుకో పాపా. నాకు బొర్ర రోగమంట, మీ చిన్నాయన చెప్పినాడు. మీ నాయనతో అనొద్దు" అంది. అమ్మ మగ్గం దగ్గర ఉంటే నన్ను పెంచింది అవ్వే. ఆమె పోతుందని నాకు తెలుసు, ఎవరికీ చెప్పకూడదనీ తెలుసు. నాకూ అన్నం దిగలేదు.

శనివారం చిన్నాయన వస్తూనే అవ్వ బోసి చెవులు చూసి ఏమైందని అడిగాడు. ఆమె కొంగు చెవుల మీదికి లాక్కుంది. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి మా మగ్గాలు ఆపించాడు. ఆ తర్వాత అటుపక్క ఇంటికీ ఇటుపక్క ఇంటికీ పోయి బతిమాలి వాళ్ళవీ ఆపించాడు. మా వీధిలో ఆడుతున్న మగ్గాన్ని ఆపమని అడగడం చిన్న సంగతి కాదు. తిరిగొచ్చి నన్ను అవ్వ ముందు నిలబెట్టి ఆమె చెవిని నా పొట్టకు ఆనించాడు. సరిగా తిండి లేని నా పొట్ట గట్టిగా గుడగుడలాడింది.

"ఇదేనమ్మా అది. ఆకలైతే కడుపు చేసే సద్దు. అందరికీ ఉండాది" అన్నాడు.

"రోగం గాదా?"

"గాదు."

అవ్వ చాలాసేపు చెవి తీయలేదు. తర్వాత కొడుకు వైపు చూసి, "గుడగుడకు అంత పేరేందిరా? అదేందో ముందు చెప్పింటే ఇన్ని దినాలూ కూడు తినింటాను గదరా" అంది. చిన్నాయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. ఆ రాత్రి సంకటి ఆయనే కలిపి ఆమెకు తినిపించాడు. మాటల పిచ్చి పోలేదు గానీ, ఆ తర్వాత ఏ మాట తెచ్చినా అర్థం ముందు, మాట తర్వాత. కమ్మలు మళ్ళీ అవ్వ చెవులకెక్కాయి. అవి నాకు అందడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. డాక్టరు పెద్ద పేరేదో చెప్పి వెళ్ళిపోతే, ఆ మంచం దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. మొన్నీమధ్య అలాంటి పేరు నాకే వచ్చింది. స్కాన్ చూసిన డాక్టరమ్మ మా మనవరాలి ఈడుది, పొడుగాటి మాట ఒకటి అంది. పక్కన మనవరాలు ఆ పేరు వెతకడానికి ఫోను తీసింది. నేను ఆ ఫోను మీద చెయ్యి పెట్టి, డాక్టరమ్మతో "పేరు తర్వాత చెప్దువులేమ్మా, ముందు అదేందో చెప్పు" అన్నాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని తెలుగులో నెమ్మదిగా చెప్పింది. అది చిన్న విషయమేమీ కాదు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.