కూర్చోవడం నేర్పిన కాక

గత వారం మా ఇంజన్ రూముకి కొత్త కుర్చీ వచ్చింది. తలుపు తీయగానే కొత్త రెక్సిన్ వాసన. రామగుండం ఎండలకు అది మరింత వేడెక్కి, గదిలో ఎప్పుడూ ఉండే గ్రీజు వాసనను కూడా మింగేసింది. మెత్తటి సీటు, నడుముకు దిండు, చేతులకు ఆసరా. నాకు డ్యూటీ అప్పగించి వెళ్తున్న తోటి డ్రైవరు, "అన్నా, గిండ్ల కూసుంటే ఇగ లేవబుద్ధి కాదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మల్లయ్య కాక గుర్తుకొచ్చాడు. ఇదే గదిలో ఇనుప కుర్చీ మీద మడిచిన గోనెసంచి వేసుకుని సగం జీవితం కూర్చున్న మనిషి. నాకు ఈ పని నేర్పింది ఆయనే, నేర్పినదాంట్లో సగం మాన్పించిందీ ఆయనే.

మా పని తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. గని నిలువు బావిలో మనుషులను దించి, పైకి తెచ్చే ఇనుప పంజరాన్ని మేము కేజ్ అంటాం. దాని తాడు చుట్టే పెద్ద యంత్రాన్ని నడిపే డ్రైవరు పైన ఇంజన్ రూములో కూర్చుంటాడు. అతనికి మనుషులు కనబడరు, కింది నుంచి కొట్టే గంటలు మాత్రం వినబడతాయి. ఆ గంటలను బట్టి హ్యాండిల్ కదపాలి. యంత్రం నడిచేటప్పుడు అతనితో ఎవరూ మాట్లాడకూడదు. బొగ్గు తీసి తీసి నడుములు విరిగినవాళ్ల కళ్లకు ఇది రాజభోగం. "నీకేంది మల్లన్నా, నీడపట్టున కూసున్న కొలువు" అనేవాళ్లు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గాని, కాక పొట్ట మాత్రం ఏటేటా పెరిగింది. దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. మా దగ్గర అది సుఖపడ్డ ఒంటి లక్షణం.

కాక నాకు వరుసకు ఏమీ కాడు. మా నాన్నతో పాటు పనిలో చేరాడు, అంతే. నేను ఆయన కింద పని నేర్చుకుంటున్న తొలి రోజుల్లో, కేజ్ ఆగి ఉంది కదా అని ఒకసారి కుర్చీలోంచి లేచి ఒళ్లు విరుచుకున్నాను. కాక మొహం మాడ్చుకున్నాడు.

"ఎందుకు లేసినవ్‌రా శంకర్?"

"కాళ్లు గుంజుతున్నయ్ కాకా. కేజ్ ఆగే ఉన్నది గద."

"ఆగితే ఏంది? లోపట మంది ఉన్నరు. మనం గీడ కూసున్నమన్న ధైర్యంతోనే వాళ్లు గాడ పని చేస్తరు. కుర్సీ ఇడిసిపెట్టేటోడు డ్రైవరెట్లయితడు?"

ఆయన షిఫ్టు అంతా నీళ్లు కూడా తాగేవాడు కాదు. తాగితే ఒంటేలుకు లేవాల్సి వస్తుందని. ఆ నిష్ఠ చూసి నాకు ఒళ్లు పులకరించేది. కొన్నాళ్లకు నేనూ నీళ్లు మానేశాను, నేనూ కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. ఆయన మెచ్చుకున్న రోజున ఇంటికి వెళ్లి మా అమ్మకు చెప్పుకున్నాను కూడా.

గోదావరిఖనిలో వాళ్ల క్వార్టర్‌కు వెళ్తే అక్కడా అదే తీరు. స్కూటర్ దిగిన కాక టీవీ ముందు కుర్చీలో కూలబడేవాడు. చిన్నమ్మ, అంటే కాక భార్య, మంచినీళ్లు చేతికి ఇచ్చేది, అన్నం అక్కడికే తెచ్చేది, చెయ్యి పళ్లెంలోనే కడిగించేది. రిమోట్ కోసం ఆయన ముందుకు వంగితే తనే పరుగున వచ్చి అందించేది. ఎందుకింత శ్రమ అని ఒకసారి అడిగాను. "డ్యూటీ చేసొచ్చినోన్ని లేపుతరా బిడ్డా?" అంది, నేనేదో పాపపు మాట అన్నట్టు. మా వైపు ప్రతి క్వార్టర్‌లోనూ ఆడవాళ్లు ప్రేమను అట్లాగే చూపిస్తారు. మా ఇంట్లోనూ అంతే.

ఒక ఎండాకాలం కాక ఎడమ పిక్క వాచింది. నీరు పట్టింది, అదే పోతుందన్నాడు. బూటు లేసు వదులు చేసుకుని డ్యూటీకి వచ్చాడు. ఆ రోజు షిఫ్టు చివర హ్యాండిల్ నాకు అప్పగించి లేచాడు. గుమ్మం దాకా వెళ్లి, ఊపిరి అందక గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. దవాఖానలో డాక్టరమ్మ చిన్నమ్మకు నెమ్మదిగా చెప్పింది.

"పిక్కలో రక్తం గడ్డ కట్టిందమ్మా. అందులో ఒక ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, నీళ్లు తాగకపోవడం, ఒంటి బరువు, అన్నీ కలిశాయి."

"కూసుంటే గిట్లయితదా డాక్టరమ్మా? కష్టం జేస్తె గద మనిషి ఖరాబయ్యేది" అంది చిన్నమ్మ. ఆమె నిజంగానే నమ్మలేకపోయింది.

కాక మాత్రం నన్ను చూస్తున్నాడు. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "వీని కాళ్లు సూడున్రి డాక్టరమ్మా. వీడు సుత నా లెక్కనే కూసుంటడు. నేనే నేర్పిన" అన్నాడు. చావు అంచుల దాకా వెళ్లొచ్చిన మనిషికి తన ప్రాణం కంటే నా కాళ్ల ఫికర్ పట్టుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు.

కోలుకున్నాక ఆయన్ను హ్యాండిల్ పట్టడానికి పనికిరాడన్నారు. వేరే చోట తేలిక పని ఇస్తామన్నా ఒప్పుకోక, అడిగి మరీ మా గదిలోనే గ్రీజు పెట్టే పనికి వచ్చాడు. ఎందుకొచ్చాడో మొదటి రోజే తెలిసింది. కేజ్ ఆగి, నేను బ్రేకు బిగించి లాక్ వేయగానే వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది.

"లే."

"నువ్వే గద కాకా లేవద్దంటివి?"

"అన్న. తప్పు నేర్పిన. నువ్వు లోపటోళ్లకు ఇయ్యాల ఒక్కదినమే కాదురా, రిటైరయ్యేదాక గావాలె. లే."

యంత్రం దాకా నడిచి, మడమలు ఎత్తి దించి, నీళ్లు తాగి వచ్చేవాణ్ని. అంతసేపూ ఆయన కుర్చీ పక్కన నిలబడి గంట కోసం చెవి ఒగ్గి ఉండేవాడు. కుర్చీ ఖాళీగానే ఉన్నా ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. "మల్లన్నకు కుర్సీ మీద కోపమొచ్చింది" అని బయట వేళాకోళాలు చేశారు. ఆయన ఆ మాటలన్నీ పడ్డాడు. పొద్దున్నే కాలనీ గ్రౌండులో నడిచి, హోటల్ బల్లల మీద కూర్చున్న పాత దోస్తులను రమ్మని బతిమాలేవాడు. కొందరు వెంట నడిచారు, కొందరు ఇంకో చాయ్ చెప్పుకున్నారు.

రిటైరయ్యాక కూడా ఆయన చాలా ఏళ్లు హాయిగా తిరిగాడు. పోయిన చలికాలం నిద్రలోనే గుండె ఆగింది. పెద్ద వయసు, ఎవరి తప్పూ లేదు. చిన్నమ్మ అట్లా అనుకోలేదు. అయిదో రోజు వెళ్లేసరికి మూలన చాప మీద, కాళ్లు ముడుచుకుని గోడకు ఆనుకుని ఉంది. పదో రోజు దాకా ఆ చోటు వదలకూడదని ఆచారం. నీళ్లు కూడా సరిగా తాగడం లేదట. చీర అంచు కింద ఒక పాదం ఉబ్బి మెరుస్తోంది. దాన్ని చూడగానే వాచిన కాక పిక్క గుర్తుకొచ్చింది.

"నేనే కూసోవెట్టిన బిడ్డా" అంది. "నీళ్లు సుత కూసున్నకాడికే ఇస్తి. అదే ప్రేమ అనుకుంటి."

చెయ్యి ఆమె భుజం మీద వేశాను. "లే చిన్నమ్మా" అన్నాను.

ఆమె ఆడబిడ్డ అడ్డొచ్చింది. "లేవద్దు. లోకం ఏమంటది?"

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. "ఏమన్న అననియ్యి వదినా. ఆయన్ని నేను ఏనాడు లేవనియ్యలె. నన్నన్న లేవనియ్యున్రి" అంది.

ఇద్దరం గుమ్మం దాటి వాకిట్లోకి నడిచాం. సాయంత్రం దవాఖానలో చూపిస్తే వాపే, గడ్డ లేదన్నారు. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు హ్యాండిల్ కంటే ముందు లేవడం నేర్పుతున్నాను. అప్పుడు నా చెవిలో మోగేది కాక గొంతు కాదు, "లేవనియ్యున్రి" అన్న చిన్నమ్మ మాట.