డాక్టరుగారు గట్టిగా చెప్పిన మాట

వినుకొండ దగ్గర మా అన్నయ్య కోళ్ల షెడ్డులో ఒక బ్యాచ్ పేగుల జబ్బుతో చచ్చిపోయింది. కోడిపిల్లల్ని ఇచ్చిన కంపెనీ డాక్టరు చచ్చిన కోడినొకదాన్ని కోసి చూశాడు. పేగు లోపల గరుకు తువ్వాలులా ఉంది. పక్క కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లందరికీ వినపడేలా, "షెడ్డు శుభ్రంగా ఉంచుకోలేనోడికి కోళ్లెందుకయ్యా?" అన్నాడు. అన్నయ్య ఆ మాట మోస్తూనే కన్నుమూశాడు.

చాలా ఏళ్లకు, నేను పనిచేసే ల్యాబుకు అదే డాక్టరు తన సొంత షెడ్డులో చచ్చిన కోళ్లను తెచ్చాడు. అదే పేగు. నన్ను గుర్తుపట్టలేదు.

"రోజూ కడిగిస్తానండీ. ఎలా వచ్చింది?"

ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా మామూలుగా కోడి పేగులో ఏ హానీ చేయకుండా బతుకుతుంది. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట పక్క బ్యాక్టీరియా నుంచి అందితే, పేగును తినేసే విషం తయారుచేస్తుంది. ఆయన కోళ్లలో ఆ ప్లాస్మిడ్ దొరికింది. అదే చెప్పాను.

"అయితే తప్పు నా శుభ్రానిది కాదు" అన్నాడు తేలికపడి.

అప్పుడు నేనెవరో చెప్పాను. ఆ మాటే కల్లానికి వచ్చి మా వదినకు చెబితే, రిపోర్టు అక్కడే ఇస్తానన్నాను.

వచ్చాడు. అదే కల్లంలో, ఆడవాళ్ల మధ్య కూర్చున్న వదిన ముందు నిలబడి, "మీ ఆయన తప్పేం లేదమ్మా" అని గొణిగాడు.

వదిన తొడిమలు తీస్తూనే ఉంది. "నాకు వినపడింది డాక్టరుగారూ. వీళ్లకి వినపడలేదు. ఆ రోజు మీ గొంతు బాగానే లేచిందిగా."

ఆడవాళ్లు చేతులు ఆపారు. ఆయన గట్టిగా చెప్పాడు.

"ఇంకోసారి చెప్పండి" అన్నాను నేను.